ధాత కరువూ, ఒక రాత్రి కరువూ

రాయలసీమలో కాలాన్ని కరువులతో కొలిచే అలవాటు ఒకటి ఉండేది. పుట్టిన తేదీ తెలియని పాతకాలపు పెద్దలు ఫలానా కరువునాటికి నడక నేర్చామనో, ఫలానా కరువు తీరిన ఏడు పెళ్లయిందనో చెప్పుకునేవారు. ఆ కరువులన్నింటిలోకి పెద్దది ధాత కరువు. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలై, ఆ మరుసటి ఈశ్వర నామ సంవత్సరమంతా సాగి, 1878లో గానీ శాంతించలేదు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు దాని నోట పడ్డవాటిలో ముందువరుసలో ఉన్నాయి. ఆ కరువును గూర్చి చరిత్రకారులు చాలా వ్రాశారు. నేను ఇక్కడ ప్రస్తావించదలచినది ఆ కరువు నడుమ జరిగిన ఒక వాదాన్ని మాత్రమే. మనిషి బతకడానికి రోజుకు ఎంత తిండి కావాలి అన్నది ఆ వాదం. దానికీ, ఈనాడు మన ఇళ్లలో కాలేయం చెడిన రోగికి పెట్టే పథ్యానికీ దగ్గరి సంబంధం ఉన్నదని నా అభిప్రాయం. అది ఎట్లాగో చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

కడప జిల్లాను గూర్చి గ్రిబుల్ దొర వ్రాసిన మాన్యువల్ 1875లో, అంటే కరువుకు సరిగ్గా ఏడాది ముందు వెలువడింది. కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో వచ్చింది. దాన్ని వ్రాసినది తెలుగువాడే, నరహరి గోపాలకృష్ణమ సెట్టి. తొలి తెలుగు నవలల్లో ఒకటిగా సాహిత్యకారులు లెక్కించే 'శ్రీరంగరాజ చరిత్ర'ను 1872లో వెలువరించినది కూడా ఆయనే. ఈ రెండు మాన్యువల్‌ల నడుమ ఉన్న పదకొండేళ్లలో సీమ ముఖం మారిపోయింది. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. వలస పోయినవారు కొందరు, పుట్టవలసి ఉండి పుట్టనివారు కొందరు, తక్కినవారు చచ్చిపోయినవారు. నలుగురు ఉన్న ఇంట ఒకరు లేకుండా పోయారన్నమాట. కృష్ణా తుంగభద్రలు పక్కనే పారుతున్నా, కర్నూలు కడప కాలువ అప్పటికే తవ్వి ఉన్నా, జరిగింది ఇది.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ గొప్ప దర్బారు జరిగింది. ఆ నెలలోనే వైస్రాయి లిట్టన్ మద్రాసు రాజధానిలోని కరువు ఖర్చులను అదుపులో పెట్టమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపించాడు. టెంపుల్‌కు కరువు కొత్త కాదు. 1873–74లో బీహారు కరువు వచ్చినప్పుడు ఆయనే బర్మా బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. అక్కడ ఆకలిచావులు చాలా తక్కువ. అయితే డబ్బు దుబారా చేశాడన్న నింద ఆయన మీద పడింది. ఆ నిందను కడుక్కోవాలన్న తొందర మద్రాసుకు వచ్చినప్పుడు ఆయనలో ఉన్నదని చరిత్రకారులు అంటారు. కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద కొద్దిపాటి పైకం చాలునని ఆయన తేల్చాడు. ఆడవారికీ పిల్లలకూ ఇంకా తక్కువ. 'టెంపుల్ కూలి' అని చరిత్రలో పేరుపడినది ఇదే.

దీన్ని ఎదిరించినవాడు అదే ప్రభుత్వంలోని ఒక వైద్యుడు. పేరు విలియం రాబర్ట్ కార్నిష్, మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్. మన దేశపు జనం ఏం తింటారో కాగితాల మీద చూసి మాట్లాడిన మనిషి కాదు. మద్రాసు రాజధాని ప్రజల ఆహారాన్ని గూర్చి 1863లోనే నివేదిక తయారుచేసిన వ్యక్తి. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యమూ, దానికి తోడు పప్పూ కూరగాయలూ కావాలని ఆయన వాదించాడు. తక్కువ తిండి తిన్నవాడు ఆ రోజే పడిపోడు, వారం గడిచినా నిలబడే ఉంటాడు, చూసేవారికి బాగానే కనిపిస్తాడు. లోపల మాత్రం కండ కరిగిపోతూ ఉంటుంది. అది బయటపడేనాటికి మళ్లీ అన్నం పెట్టినా నిలవదు – ఆయన వాదసారం ఇది. టెంపుల్ సమాధానం మరోలా ఉంది. తాను కళ్లారా చూశాననీ, కూలిజనం బాగానే ఉన్నారనీ, వైద్యుల లెక్కలకంటే అనుభవమే ప్రమాణమనీ ఆయన పక్షం. చివరకు 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం ఇద్దరి మధ్యా సగం దారిలో నిలబడి, కూలిని ఒకటింపావు పౌను ధాన్యానికీ ఒకటిన్నర ఔన్సుల పప్పుకూ పెంచింది. ఈ ఘట్టాన్ని విలియం డిగ్బీ 1878లో అచ్చువేసిన రెండు సంపుటాల గ్రంథంలో వివరంగా చూడవచ్చు.

ఈనాటి లెక్కల్లో చూస్తే ఆ వాదంలో న్యాయం ఎటువైపున్నదో తెలుసుకోవడం కష్టం కాదు. పౌను అంటే సుమారు 454 గ్రాములు. బియ్యమైనా జొన్నలైనా అంత గింజలో ఉండేది సుమారు 1,600 కేలరీలు. అందులో మాంసకృత్తులు బియ్యమైతే ముప్పై గ్రాముల పైచిలుకు, జొన్నలైతే నలభై దాటి. ఎండలో గంప మోసే మనిషికి అది సగం తిండి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వారి సమ్మతితోనే ఆరు నెలలు అర్ధాకలి పెట్టి పరీక్షించాడు. వారికి అందినది రోజుకు సగటున 1,570 కేలరీలు, అంటే రమారమి టెంపుల్ కొలతే. ఆరు నెలల్లో వారు తమ బరువులో నాలుగో వంతు కోల్పోయారు. కాళ్లు వాచాయి, గుండె వేగం తగ్గింది, మాటా మనసూ మొద్దుబారాయి. వారికి మట్టిపని లేదు, కలరా లేదు, ఎండదెబ్బ లేదు. సీమ కూలీలకు ఇవన్నీ ఉన్నాయి. కార్నిష్ చెప్పినదాన్ని రుజువు చేయడానికి లోకానికి అరవై ఏడేళ్లు పట్టింది.

తిండి అందని ఒంట్లో లోపల జరిగేది ఏమిటి? దీనికి జవాబులో తొలి అధ్యాయం పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ వ్రాశాడు. పిత్తాన్ని తయారుచేయడమే కాలేయం పని అని అనుకుంటున్న రోజుల్లో, 1848లో, అది చక్కెరను తయారుచేసి నెత్తుటిలోకి వదులుతుందని ఆయన కనుగొన్నాడు. 1857లో ఆ చక్కెరకు మూలమైన గ్లైకోజెన్‌ను కాలేయం నుండి విడదీశాడు. మన భాషలో చెప్పాలంటే కాలేయం ఒక గాదె. పగలు తిన్న తిండిలోని చక్కెరను గింజల్లా పోసి దాచుకుంటుంది, రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు ఇంత ఇంత కొలిచి ఇస్తుంది. మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల చక్కెర కావాలి. నిద్రలోనైనా దానికి సెలవు లేదు. ఆరోగ్యవంతుడి కాలేయపు గాదెలో ఎనభై, నూరు గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. కనుకనే రాత్రి ఎనిమిదికి తిని పడుకున్నవాడు తెల్లవారి లేచి, కాసేపు పని చేసుకుని, తర్వాత సద్ది తాగినా ఏమీ కాదు.

ఆ నిల్వ అయిపోయాక పస్తు కొనసాగితే శరీరం రెండు దారులు తొక్కుతుంది. ఒకటి కొవ్వును కరిగించడం. రెండవది కండను కరిగించి, అందులోని అమైనో ఆమ్లాలను కాలేయానికి పంపి, వాటినుండి చక్కెర చేయించుకోవడం. పస్తు రోజులు గడిచేకొద్దీ కాలేయం కొవ్వునుండి కీటోన్లనే పదార్థాలను ఎక్కువగా చేయనారంభిస్తుంది, మెదడు వాటికి అలవాటు పడుతుంది, కండ మీది భారం కొంత తగ్గుతుంది. మెదడు ఇలా కీటోన్లతో కాలం గడపగలదని 1967లో బోస్టన్‌లో ఆలివర్ ఓవెన్, జార్జ్ కాహిల్, వారి సహచరులు నిరూపించారు. ఒంట్లో శక్తి వ్యవహారం జరిగే తీరును గూర్చి మాట్లాడుతూ బోస్టన్ పేరెత్తినప్పుడు తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోకుండా ఉండలేడు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో హార్వర్డ్ చేరిన సుబ్బారావు, తన ఆచార్యుడు ఫిస్కెతో కలిసి 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశాడు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. జీవకణాల్లో శక్తి చెల్లుబాటయ్యే నాణెం ఏటీపీయే. తిన్న సంగటి అయినా, కరిగిన కండ అయినా చివరకు ఆ నాణెంలోకి మారవలసిందే. ఫాస్ఫోక్రియాటిన్‌లోని క్రియాటిన్ తయారీలో చివరి మెట్టు కాలేయంలోనే జరుగుతుంది. కండ బలానికి కూడా కాలేయం వాటా ఉన్నదని దీనర్థం.

ఇక కాలేయమే చెడిపోయినవాడి సంగతి చూద్దాం. కారణం సారా కావచ్చు, హెపటైటిస్ బి కావచ్చు, ఈ మధ్య బాగా పెరుగుతున్న మధుమేహమూ కొవ్వు కాలేయమూ కావచ్చు. సారా మీద మన రాష్ట్రపు ఆడవాళ్లు నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలుపెట్టి చేసిన ఉద్యమమూ, దాని ఫలితంగా 1993లో వచ్చిన సారా నిషేధమూ, 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధమూ, అది 1997లో సడలిపోవడమూ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కారణం ఏదైనా ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న కాలేయం గట్టిపడి, మచ్చలు కట్టి, ముడుచుకుంటుంది. దాన్ని సిర్రోసిస్ అంటారు. గాదె గోడలు లోపలికి కూలి చోటు తగ్గిపోయినట్లుగా, గ్లైకోజెన్ నిల్వ చేసుకునే శక్తి దానికి తగ్గిపోతుంది.

దీని ఫలితాన్ని అంకెల్లో చూపినవాడు మళ్లీ ఆ ఆలివర్ ఓవెనే. 1983లో ఆయన బృందం సిర్రోసిస్ రోగులను ఒక రాత్రి పస్తు తర్వాత పరీక్షించింది. ఆరోగ్యవంతులు ఒక రాత్రి గడిచాక వాడుకునే శక్తిలో కొవ్వు వాటా సుమారు 40 శాతం, పిండిపదార్థాల వాటా 39 శాతం. సిర్రోసిస్ రోగుల్లో కొవ్వు వాటా 69 శాతం, పిండిపదార్థాల వాటా 13 శాతం. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పచ్చి మంచినీళ్లతో గడిపితే గానీ చేరుకోని స్థితికి ఈ రోగి ఒక్క రాత్రిలో చేరుతున్నాడు. ఓవెన్ అప్పుడు ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. ఈ పేరు కలవడం కాకతాళీయమే గానీ, ఒక టెంపుల్ చాలునన్న తిండి ఎందుకు చాలదో మరొక టెంపుల్‌లో కూర్చున్నవారు లెక్కగట్టడం నాకు విధి చమత్కారంగా తోచింది.

ఒక్కసారి నిలిచి ఈ మాటను మనసుకు పట్టించుకోవలసిందిగా చదువరులకు మనవి. మనకు రాత్రి అంటే నిద్ర. కాలేయం చెడినవాడికి రాత్రి అంటే మూడు రోజుల కరువు. అదీ ఏడాదికి మూడువందల అరవై అయిదుసార్లు. ప్రతి తెల్లవారుజామునా అతని ఒళ్లు తన కండను తాను తింటూ ఉంటుంది. పొట్టలో నీరు చేరి బరువు తగ్గినట్టు తెలియదు. ముఖమూ భుజాలూ తొడలూ మాత్రం ఎండిపోతాయి. పైకి బాగానే ఉన్నాడని టెంపుల్ కూలీలను చూసి మోసపోయినట్టే ఇతన్ని చూసీ మోసపోతాం. కండ పోవడం ఇక్కడ చూపుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పేగుల్లో పుట్టే అమ్మోనియాను విరిచి బయటకు పంపడం కాలేయం పని. అది చేయలేనప్పుడు ఆ భారంలో కొంత కండరాలు ఎత్తుకుంటాయి. కండ కూడా పోతే అమ్మోనియా నెత్తుటిలో పెరిగి మెదడు మసకబారుతుంది. పగలు మగత, రాత్రి మెలకువ, చేతుల వణుకు, మాట తడబాటు, చివరకు స్పృహ తప్పడం.

సరిగ్గా ఈ చోటనే వైద్యశాస్త్రం కూడా చాలాకాలం తడబడింది. 1893లో రష్యాలో పావ్లోవ్, ఆయన సహచరులు కాలేయాన్ని తప్పించి నెత్తురు పారేట్లు కుక్కలకు శస్త్రచికిత్స చేశారు. ఆ కుక్కలకు మాంసం పెడితే మత్తెక్కినట్లు తూలిపడటం చూశారు. మాంసకృత్తులంటే భయానికి బీజం అక్కడ పడింది. 1941లో న్యూయార్కులో ఆర్థర్ పాటెక్ అనే వైద్యుడు దీనికి ఎదురు నడిచి సిర్రోసిస్ రోగులకు పుష్టికరమైన భోజనం పెట్టి మేలు చూపించాడు. 1954లో లండన్‌లో షీలా షెర్లాక్ బృందం మెదడు మసకబారే ఈ జబ్బును చక్కగా వర్ణించి, దానికి పేగుల్లోని నత్రజని పదార్థాలు కారణమని చెప్పింది. ఆ రోగులకు మాంసకృత్తులు తగ్గించడం అప్పటినుంచీ ఆచారమైపోయింది. మసకబారిన కొద్దిరోజులకని మొదలైన కోత చాలాచోట్ల జీవితాంతపు పథ్యంగా స్థిరపడింది. యాభై ఏళ్ల తర్వాత, 2004లో, బార్సిలోనాలో కోర్డోబా అనే వైద్యుడు 30 మంది రోగులను రెండు జట్లుగా చేసి ఈ ఆచారాన్ని పరీక్షకు పెట్టాడు. మాంసకృత్తులు తగ్గించిన జట్టువారికి మెదడు విషయంలో అదనంగా ఒరిగిందేమీ లేదు. పైగా వారి ఒంట్లో కండ ఎక్కువగా కరిగింది.

రాత్రి కరువుకు విరుగుడు అంతకుముందే దొరికింది, అదీ చాలా సులభమైనది. పడుకునే ముందు ఒకసారి ఏదైనా తినడమే. 1989లో నెదర్లాండ్స్‌లో స్వార్ట్, ఆయన సహచరులు రోజు మొత్తానికి అదే తిండిని ఉంచి, అందులో కొంత రాత్రి పొద్దుపోయాక పెట్టి చూశారు. ఒంట్లోనుంచి పోయే నత్రజని తగ్గింది, అంటే కండ నిలిచింది. 2008లో న్యూజిలాండ్‌లో ప్లాంక్ బృందం సంవత్సరం పాటు రాత్రిపూట అదనపు పోషకాహారం ఇచ్చి, పగలు ఇచ్చినవారితో పోల్చి చూసింది. రాత్రి తిన్నవారికి సుమారు రెండు కిలోల కండకు సరిపడా మాంసకృత్తులు ఒంటబట్టాయి, పగలు తిన్నవారికి అంత ఫలితం లేదు. ఐరోపా కాలేయ వైద్యుల సంఘం 2019లో ప్రకటించిన మార్గదర్శకాల్లో సిర్రోసిస్ రోగికి, స్థూలకాయం లేనివారికి, కిలో బరువుకు రోజుకు కనీసం 35 కేలరీలు, 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలని ఉంది. అరవై కిలోల మనిషికి 2,100 కేలరీలు, 72 నుండి 90 గ్రాముల మాంసకృత్తులు. టెంపుల్ కూలితో పోల్చి చూడండి. మంచం మీద ఉన్న రోగికి సైతం ఆ కొలత చాలదు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. 'లంఖణం పరమౌషధం' అన్న సామెత తెలియని తెలుగువాడు లేడు. జ్వరానికీ అజీర్తికీ ఒకటి రెండు పూటల మాట అది. కామెర్లు అనగానే మాత్రం మన పథ్యం కత్తి దూసుకుని లేస్తుంది. నూనె వద్దు, నెయ్యి వద్దు, పప్పు వేడి, గుడ్డు వేడి, మాంసం మాటే ఎత్తవద్దు. మిగిలేది చప్పిడి మజ్జిగన్నం. కామెర్లు నాలుగు వారాల్లో తగ్గిపోయే రకమైతే మనిషి కాస్త చిక్కి బయటపడతాడు, ఆకు పసరు గొప్పదని పేరు వస్తుంది. సిర్రోసిస్ వల్ల వచ్చిన కామెర్లయితే ఆ పథ్యానికి ముగింపు ఉండదు.

కడప జిల్లాలో మా బంధువర్గంలో ఒక పెద్దాయనను ఇట్లాంటి స్థితిలో చూశాను. భుజాల ఎముకలు తేలి, పొట్ట మాత్రం బిగిసి ఉన్నాడు. సందెవేళ ఇంత మజ్జిగన్నం, మళ్లీ మరునాడు బారెడు పొద్దెక్కాక ఇంత గంజి. నడుమ పద్నాలుగు గంటలు. ఏం పెడుతున్నావు పెద్దమ్మా అని అడిగితే ఆమె, "ఏం పెట్టేది నాయనా, మజ్జిగ బువ్వే పెడతాండాం. పప్పు పెడితే ఎక్కువైతాదంట. ఆయప్ప అడిగినా మేము పెట్టలేదు" అన్నది. ఆ మాటలో ఎంత ప్రేమ ఉన్నదో, ఎంత నిగ్రహం ఉన్నదో నేను చెప్పలేను. భర్త అడిగిన ముద్దను చేతులారా ఆపుకోవడం ఏ ఇల్లాలికైనా సులభమైన పని కాదు. ప్రాణం నిలబెడుతున్నాననుకుని ఆమె ఆ కష్టం పడింది. టెంపుల్ ఖజానా కోసం కోసిన ముద్దను ఆమె ప్రేమకొద్దీ కోసింది. ఒంటికి మాత్రం ఈ తేడా తెలియదు.

పథ్యం అన్న మాటకు సంస్కృతంలో అసలర్థం మేలు చేసే ఆహారం అని. వాడుకలో అది తినకూడనివాటి పట్టికగా మారింది. సిర్రోసిస్ రోగి విషయంలో ఆ మాటకు పాత అర్థాన్ని తిరిగి ఇవ్వవలసి ఉంది. నిజంగా కోయవలసినవి ఉన్నాయి. మద్యం పూర్తిగా మానాలి. పొట్టలో నీరు ఉన్నవారు ఉప్పు తగ్గించాలి, అంటే మన ఊరగాయలకూ వడియాలకూ దూరం కావాలి. అసలు పని మాత్రం పెట్టడంలో ఉంది, అదీ కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. పప్పు, పాలు, పెరుగు – వీటిలోని మాంసకృత్తులను మెదడు మసకబారే రోగులు కూడా మాంసంకంటే బాగా తట్టుకుంటారని గమనించారు. కందిపప్పూ పెసరపప్పూ పండించే సీమలో కాలేయ రోగికి పప్పు నిషేధం కావడం విచారకరం. రాత్రి పడుకోబోయే ముందు యాభై గ్రాముల పిండిపదార్థం, అంటే రమారమి రెండువందల కేలరీలు లోపలికి పోతే చాలా మేలు. దానికి విదేశీ డబ్బాపొడులు కొననక్కరలేదు. పాలు పోసి కాచిన రాగిజావ, పాలన్నం, పెరుగులో కలిపిన కొర్రన్నం, గుప్పెడు బొరుగులూ ఒక అరటిపండూ – వీటిలో ఏదైనా ఆ పని చేస్తుంది. తెల్లవారగానే ఏదో ఒకటి కడుపులో పడాలి. మధుమేహం ఉన్నవారికి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కొలతలు వేరుగా ఉంటాయి కనుక వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

జొన్నను గూర్చి కూడా ఒక మాట చెప్పాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకంఠియా అనే శాస్త్రజ్ఞులు 1960లో, జొన్నే ప్రధానాహారమైన దక్కను పేదల్లో కనబడే పెల్లాగ్రా అనే జబ్బుకు జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండటం కారణం కావచ్చునని ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. విచిత్రమేమంటే సిర్రోసిస్ రోగి నెత్తుటిలో తక్కువపడేవాటిలో ఈ లూసిన్ ఒకటి. అది కండను నిలబెడుతుంది, అమ్మోనియాను వదిలించుకోవడానికి దాని కుటుంబపు అమైనో ఆమ్లాలు కండకు తోడ్పడతాయి. ఆ కుటుంబాన్ని పొడిగా చేసి 1970ల నుండి ఈ రోగులకు ఇచ్చి చూస్తున్నారు. అట్లాగని జొన్నరొట్టె మందు అని నేననడం లేదు. ఒక్క జొన్న మీదే ఆధారపడితే చాలనివి వేరే ఉంటాయి. రొట్టెకు తోడు పప్పూ పెరుగూ ఉన్న పాత విస్తరిలో సమతూకం ఉన్నదనీ, కరువు ఎప్పుడు వచ్చినా ఆ విస్తరిలో మొదట మాయమయ్యేవి ఆ తోడులేననీ చెప్పడమే నా ఉద్దేశం. కార్నిష్ ధాన్యంతో సరిపెట్టుకోకుండా పప్పు కోసం పట్టుబట్టడంలోని వివేకం ఇదే.

ధాత కరువు చల్లారిన తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది. దాన్ని అనుసరించి కరువు కోడ్‌లు వచ్చాయి, ఎవరికి ఎంత తిండి అన్నది నియమాల్లోకి ఎక్కింది. 1952లో సీమలో మళ్లీ కరువు వచ్చి గంజి కేంద్రాలు తెరిచినప్పుడు జనం గంజి తాగారు, 1877 నాటి చావులు మాత్రం రాలేదు. ఆ మాత్రమైనా రాజ్యం నేర్చుకున్నది. ఇంటిలోని కరువుకు కోడ్ ఉండదు. సందెవేళ మూత పెట్టిన అన్నపు తపేలా తెల్లవారేదాకా తెరవకూడదన్న ఆచారాన్ని ఏ కమిషనూ వచ్చి మార్చదు. పెద్దాసుపత్రిలో వైద్యుడు మందులు వ్రాసి ఇచ్చే నాలుగు నిమిషాల్లో ఈ సంగతంతా చెప్పే తీరిక ఆయనకు దొరక్కపోవచ్చు. కనుక మీ ఇంటిలో గానీ, ఎరిగినవారింట గానీ ఇట్లాంటి రోగి ఉంటే, రాత్రి పడుకునే ముందు ఏం తిన్నాడని ఒక్కమాట అడగండి. ఏమీ లేదన్న జవాబు వస్తే, ఒక గ్లాసెడు రాగిజావ కాచి ఇమ్మని చెప్పండి.